పంజరంలో నల్లి: 47 రోజుల డైరీ

1వ రోజు

పంజరంలోని గూటి పెట్టెలో మూడు పక్షిపిల్లలుండాలి. పొద్దున మూత తీస్తే రెండే కదిలాయి. మూడోది, అన్నిటికన్నా చిన్నది, ఓ మూలకి ఒరిగి చల్లగా ఉంది.

మావి బడ్జీలు, పంజరంలో పెంచుకునే చిన్న చిలకలు. వీటిల్లో ఆఖరి పిల్ల పోవడం వింతేం కాదు. తల్లి రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది, పిల్లలూ అదే వరసలో బయటికొస్తాయి, పెద్దవాటి కింద చిన్నది నలిగిపోతూ ఉంటుంది. అదే అయుంటుందనుకుని తీసేయబోయాను. అరచేతిలో పెట్టుకున్నాక ఆగాను. మెడ కింద మేత సంచి నిండుగా ఉంది, అంటే తల్లి మేపుతూనే ఉంది. ఒళ్లు మాత్రం కాగితంలా పాలిపోయింది. నోరు కొంచెం తెరిచి చూశాను, లోపలా అదే తెలుపు. ఆకలితో పోయిన పిల్ల కాదిది, ఒంట్లో రక్తం లేక పోయిన పిల్ల.

ఇప్పుడు తిరగేసుకుంటే ఇంకో రెండు సంగతులు గుర్తొస్తున్నాయి. తల్లి నీలి వారం రోజులుగా రాత్రిళ్లు పెట్టెలో పడుకోవడం లేదు, గుమ్మం దగ్గర పుల్ల మీదే కూర్చుంటోంది. పైగా అర్ధరాత్రి పూట పంజరంలో దడదడమని రెక్కల చప్పుడు. ఏదో నీడ చూసి బెదిరాయిలే అని దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

మా ఇంట్లో పెద్దవి అయిదు: నీలి, దొర, పసుపు, చిలిపి, బూడిద. చూసినవాళ్లంతా లవ్ బర్డ్స్ అంటారు. అవి ఆఫ్రికావి, ఇవి ఆస్ట్రేలియావి అని చెప్పి చెప్పి మానేశాను. ఈ నోట్‌బుక్ ఇవాళే మొదలుపెట్టాను. రాసుకోకపోతే ఏ రోజు ఏం చూశానో కలగాపులగమైపోతుంది, ఇప్పటికే అయిపోయింది.

2వ రోజు

పేలని అనుమానించాను. పట్టపగలు కిటికీ దగ్గర ఒక్కో పక్షినీ పట్టుకుని, రెక్క విప్పి వెలుగుకి అడ్డంగా పెట్టి చూశాను. పక్షి పేలు ఈకలనీ చర్మపు పొట్టునీ కొరికి తింటాయి, పుట్టడం దగ్గర్నుంచి చచ్చేదాకా పక్షి మీదే ఉంటాయి. గుడ్లని ఈక మొదట్లో జిగురేసినట్టు అంటిస్తాయి. కాబట్టి ఉంటే పగలే కనపడాలి. ఒక్కటీ లేదు. ఈకల అంచులు కొరికినట్టూ లేవు.

పోనీ ఈకలు రాలుస్తున్నాయేమో. పసుపు తల మీద కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొచ్చాయి, అది గోక్కోవడం వాటివల్లే కావచ్చు. కానీ ఈకలు రాలేటప్పుడు పిల్లల్లో రక్తం తగ్గదు కదా.

రెండు గంటలు పోయాయి, అయిదు పక్షులకీ నా మీద కోపమొచ్చింది, చూపుడు వేలుకి రెండు గాట్లు.

సాయంత్రం పక్షులు పెంచే ఒక మిత్రుడు చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టాడు. "మెడ వెనక ఒక్క చుక్క వెయ్యి, అన్నీ రాలిపోతాయి" అన్నాడు. ఐవర్‌మెక్టిన్, ఒంటి మీది పురుగుల్ని చంపే మందు, 1 శాతం. అలమరలో పైన పెట్టాను. ఎందుకో చెయ్యి రాలేదు.

3వ రోజు, రాత్రి

పక్షి మీద పగలు దొరకనిది రాత్రి దొరుకుతుందేమోనని పడుకునే ముందు పంజరం మీద తెల్ల దుప్పటి కప్పాను. పదకొండున్నరకి టార్చ్ పట్టుకుని వెళ్లాను. పాప ఇంకా పడుకోలేదు, ఆరో తరగతి పిల్లకి ఇంతకంటే కావలసిందేముంది, భూతద్దం తీసుకుని వెనకే వచ్చింది.

దుప్పటి మడతల్లో మిరియపు నలకల్లాంటివి నాలుగైదు. ఒకదాన్ని తెల్ల కాగితం మీదికి తీసి గోటితో నొక్కితే ఎర్రగా గీత పడింది.

"నాన్నా, అది రక్తమా?"

"అవునే. మన నీలిది."

తర్వాత పంజరంలో పుల్ల ఒకటి నెమ్మదిగా బయటికి లాగాను. చెక్క పుల్ల, కడ్డీని పట్టుకోవడానికి రెండు కొసల్లోనూ గాడి కోసి ఉంటుంది. ఆ గాడిలో టార్చ్ వేస్తే ఉప్పూ మిరియాల పొడీ కలిపి కూరినట్టుంది. మొదట మట్టి అనుకున్నాను. వెలుగు పడిన రెండు క్షణాలకి ఆ మట్టి కదిలింది. ఎర్రవి, నల్లగా ఉబ్బినవి, బూడిద రంగువి ఒకదాని మీద ఒకటి ఎక్కి, వెలుగు తగలని వైపుకి పాకుతున్నాయి. తెల్లగా కనిపించింది అవి విడిచిన పొట్టు, నల్లగా కనిపించింది రెట్ట. ఒక్కోటీ మిల్లీమీటరు లోపే. ఒక్క గాడిలో ఎన్నున్నాయో లెక్కపెట్టడం పాప నూటపదికి మానేసింది.

పెట్టె మూలల్లో, కీలు వెనక, స్క్రూల చుట్టూ కూడా అదే పొడి.

ఎర్ర మైట్. శాస్త్రీయ నామం డెర్మానిస్సస్ గాల్లినే. కోళ్ల ఫారాలకి పాత శత్రువు. నల్లి అనే మాట మనకి మంచంలో రక్తం తాగేదానికీ ఉంది, పంట ఆకుల అడుగున చేరే ఎర్ర నల్లికీ ఉంది. మంచం నల్లి పురుగు జాతి, దానికి ఆరు కాళ్లు. ఇది సాలీడు చుట్టం, ఎనిమిది కాళ్లు. బతుకు తీరు మాత్రం అచ్చం మంచం నల్లిదే: పగలంతా సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక వచ్చి తాగి, తెల్లారేలోగా మళ్లీ సందులోకి. నిన్న నేను పట్టపగలు ఈకల్లో వెతికింది దీన్నన్నమాట. ఇంట్లో లేని మనిషి కోసం తలుపు కొట్టినట్టు.

4వ రోజు

పక్షుల డాక్టరు గారి దగ్గరికి అయిదింటినీ, రెండు పిల్లల్నీ తీసుకెళ్లాను. సీసా కూడా పట్టుకెళ్లాను. ఆవిడ దాన్ని చూసి, "చుక్క అంటే ఎంతండీ?" అన్నారు. నాకు జవాబు లేదు. కాగితం మీద వేసి చూపించారు.

దొర బరువు 36 గ్రాములు. పక్షులకి మామూలుగా వాడే మోతాదు కిలోకి 0.2 మిల్లీగ్రాములు. అంటే దొరకి కావలసింది దాదాపు 0.007 మిల్లీగ్రాములు. సీసాలో మందు మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు, అంటే అర మిల్లీగ్రాము. భాగిస్తే 70 వచ్చింది. మిత్రుడు ఒక్క పక్షికి వెయ్యమన్న చుక్కలో డెబ్బై బడ్జీలకి సరిపడా మందుంది.

"ఇది పశువులకి ఇంజెక్షన్‌గా ఇచ్చేది. పలచన చెయ్యకుండా వేస్తే చిన్న పక్షి తూలిపడుతుంది, చచ్చిపోనూవచ్చు" అన్నారు. ఆ సీసా మళ్లీ ఇంటికి రాలేదు.

మిత్రుడి మీద నాకు కోపం లేదు. వాడి పక్షులు బతికే ఉన్నాయి, ఎలా బతికాయో నాకు అర్థం కాలేదంతే. చర్మం మీద పడింది కొంత, ఈకల మీద జారిపోయింది కొంత అయుండాలి.

ఇంకో సంగతి అక్కడే తేలింది. నీలి ముక్కు పైభాగం, నాసికా రంధ్రాలుండే మెత్తటి చోటు, గోధుమ రంగుకి తిరిగి పెచ్చు కట్టినట్టుంటే అదీ పురుగు పనే అనుకున్నాను. కాదట. ఆడ బడ్జీ గుడ్ల మీదున్న రోజుల్లో అక్కడ అలాగే మందమవుతుంది. అసలు తంటా దొరకి ఉంది. దాని ముక్కు మూలల్లో బూడిద రంగు పొర. నేను మేత అంటుకుందనుకుని వదిలేసింది. డాక్టరు గారు పెద్ద అద్దం కింద చూపించారు: పొర నిండా సూది మొన పట్టేంత కన్నాలు, తేనెపట్టులాగా. కొంచెం గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. గుండ్రటి ఒళ్లు, పొట్టి కాళ్లు, నెమిడోకాప్టిస్ పైలీ. ఇది ఎర్ర మైట్ కాదు. చర్మంలో సొరంగాలు తవ్వుకుని జీవితమంతా పక్షి ఒంట్లోనే గడుపుతుంది. వదిలేస్తే ముక్కు వంకర తిరుగుతుంది.

అంటే ఒకే పంజరంలో రెండు రకాలు. ఒకటి పక్షిలో కాపురముంటుంది, దానికి మందు పక్షికే వెయ్యాలి. రెండోది పంజరంలో కాపురముండి పక్షి దగ్గరికి భోజనానికొస్తుంది, దాన్ని పంజరంలోనే చంపాలి. నేను మొదటిదాన్ని చూడనే లేదు, రెండోదాని కోసం వెతక్కూడని చోట వెతికాను.

పెద్దవి అయిదింటికీ తూకం వేసి, పలచన చేసిన మందు మెడ వెనక చర్మం మీద ఆవిడే వేశారు. 14 రోజులకి మళ్లీ రమ్మన్నారు. మొదటి విడతకి చావకుండా మిగిలినవాటి కోసం రెండో విడత. పిల్లలకి మందు వద్దన్నారు. పెట్టె మార్చడమే వాటికి మందు.

5వ రోజు: మొదటి దాడి

ముందు పిల్లలు. పాత చెక్క పెట్టెని సంచిలో కట్టి బయట పడేశాను. దానికి అన్ని మూలలూ సందులే. బదులుగా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కన గుండ్రంగా కన్నం కోసి, అంచులు ఉప్పు కాగితంతో రుద్ది, పైన గాలికి రంధ్రాలు పెట్టాను. అడుగున పొడి చెక్కపొట్టు మూడు వేళ్ల మందం. ఇది తగ్గించకూడదు, నున్నటి ప్లాస్టిక్ మీద పిల్లల కాళ్లు పక్కలకి జారిపోయి అలాగే వంకరగా ఎదుగుతాయి. పాత పెట్టె ఉన్న చోటే, అదే ఎత్తులో తగిలించాను. నీలి అరగంట దాని చుట్టూ తిరిగింది, తల లోపల పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. పిల్లలు కూసేసరికి లోపలికి వెళ్లింది. నేను అప్పటిదాకా కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత పంజరం. పక్షుల్ని వేరే గదిలో తాత్కాలిక పంజరంలోకి మార్చి, దీన్ని కడ్డీ కడ్డీ విప్పాను. చెక్క పుల్లల్లో బాగున్నవాటిని పెద్ద గిన్నెలో అరగంట మరిగించాను, గాడి మరీ లోతున్నవాటిని పారేశాను. ఇనుప భాగాలకి సబ్బు నీళ్లు, బ్రష్, ఆపైన మరిగే నీళ్లు. ట్రే అంచు మడత లోపల ఎంత రుద్దినా బ్రష్ వెళ్లలేదు, అక్కడ బట్టల స్టీమర్ పెట్టాను. 45 డిగ్రీలు దాటితే ఇవి తట్టుకోలేవు. ఐరోపాలో ఖాళీ చేసిన కోళ్ల షెడ్లను ఆ వేడికి తెచ్చి వీటిని చంపే పద్ధతి కూడా ఉంది. మన ఇంట్లో షెడ్డు లేదు, స్టీమర్ ఉంది.

స్ప్రేలు కొట్టలేదు. కుక్కల గోమారి మందు కొట్టమని ఒకరు, నాఫ్తలీన్ ఉండలు వేలాడదీయమని ఒకరు చెప్పారు. పక్షి ఊపిరితిత్తుల వెనక గాలి సంచులుంటాయి, మనకి ముక్కు చిట్లించేంత వాసన దానికి ప్రాణం మీదికొస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది.

సాయంత్రం ఆరింటికి పక్షులు తిరిగి పంజరంలోకి, పంజరం తిరిగి కిటికీ పక్కన గోడ హుక్కుకి. నడుము విరిగిపోయింది. గెలిచేశాననుకున్నాను.

6 నుంచి 9

లెక్క లేకుండా గెలుపేమిటని పాప అడిగింది. నిజమే. ముడతల అట్ట ముక్కలు నాలుగు కోశాం, ఒక్కోటీ రెండు వేళ్ల వెడల్పు. ఆ ముడతల సొరంగాలంటే వీటికి ప్రాణం, తెల్లవారుజామున దాక్కోవడానికి అందులో దూరతాయి. 1 కిటికీ చట్రం మీద, 2 పంజరం తలుపు వైపు, 3 ట్రే కింద, 4 పైన హుక్కు దగ్గర. అన్నీ పక్షి ముక్కుకి అందని చోట్ల. రాత్రి పెట్టడం, పొద్దున స్కూలుకి వెళ్లే ముందు తెల్ల పళ్లెంలో దులిపి లెక్కపెట్టడం, ఆ అట్టని జిప్ సంచిలో వేసి ఫ్రీజర్‌లో పడేయడం. ఫ్రీజర్ సంగతి మా ఆవిడకి ఎనిమిదో రోజున తెలిసింది. దాని గురించి ఇక్కడ రాయను.

మొత్తాలు: 14, 9, 6, 6.

10, 11

19. మర్నాడు 31.

టెన్షన్‌తో పాత పేజీలన్నీ తిరగేశాను. ఏం తప్పు చేశాను? నిజానికి కొత్తగా ఏ తప్పూ చెయ్యలేదు, లెక్క తెలియలేదంతే. ఆడది రక్తం తాగాక సందులో కొన్ని గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజుల్లో అవి పొదుగుతాయి. వచ్చిన పిల్లకి ఆరు కాళ్లే, అది రక్తం తాగదు. పొట్టు విడిచి ఎనిమిది కాళ్లు వచ్చాకే తాగడం మొదలుపెడుతుంది. వెచ్చగా ఉంటే గుడ్డు దగ్గర్నుంచి గుడ్డు పెట్టే వయసుదాకా వారం, పది రోజుల పని. అయిదో రోజున నా బ్రష్‌కి అందని సందుల్లో మిగిలిన గుడ్లే ఈ 31. ఫోన్‌కి తగిలించే చిన్న మైక్రోస్కోపు కింద పాప ఒక తెల్లటి నలకని పట్టుకుంది: "నాన్నా, దీనికి ఆరే ఉన్నాయి!" ఇంట్లో అందరికన్నా ఈ నల్లి వల్ల సంతోషపడింది అదొక్కతే.

కాబట్టి కడగడం ఒకసారి చేసే పని కాదు, వాటి చక్రం తిరిగేలోపు మళ్లీ చెయ్యాల్సిన పని. 11న మళ్లీ అన్నీ విప్పాను. ఈసారి స్క్రూలు కూడా తీసి మరిగించాను. డబ్బాలో చెక్కపొట్టు ఇకనుంచి రెండు రోజులకోసారి పూర్తిగా మార్పు.

ఈ పది రోజుల్లో నా ముంజేతుల మీద ఎర్రటి దద్దుర్లు, దురద. ఇవి మనుషుల్నీ కుడతాయి, కానీ మన ఒంటి మీద కాపురం పెట్టవు.

15వ రోజు

12న 8, 13న 5, 14న 5. ఇవాళ 12. మళ్లీ పెరిగింది, కానీ ఈసారి అంకె కన్నా వరస ముఖ్యం. ఆ 12లో 11 ఒక్క 1వ నంబరు అట్టలోవే. ట్రే కింద ఒకటి. తలుపు వైపు, హుక్కు దగ్గర సున్నా.

పాప నాలుగు రోజుల నుంచి నేను చెప్పకుండానే ఇంకో గడి నింపుతోంది. ప్రతి నల్లి పక్కన 'ఎ' లేదా 'బూ'. ఎర్రది, బూడిదది. తాగినది ఎర్రగా ఉంటుంది, తాగనిది బూడిద రంగులో ఉంటుంది. పాత పేజీల్లో ట్రే కింద దొరికినవన్నీ దాదాపు 'ఎ'. భోజనం చేసి పంజరం అడుగున పడుకోవడానికొచ్చినవి. కిటికీ దగ్గరి ఈ 11లో పది 'బూ'.

ఆకలితో ఉన్నవి కిటికీ వైపు ఏం చేస్తున్నాయి? పక్షి దగ్గర్నుంచి వెళ్లేవైతే కడుపు నిండి ఉండాలి కదా. ఇవి వెళ్లేవి కావు, వచ్చేవి. కోర్టులో నిలబడే రుజువేం కాదు, కానీ నాకు చాలింది.

నా అనుమానం అప్పటిదాకా పాత చెక్క పెట్టె మీద ఉండేది. ఏడాదిలో చాలాకాలం అటక మీద ఉన్న పెట్టె, దులిపి తగిలించాను. అది కూడా వట్టి అనుమానం కాదు. ఎర్ర మైట్ రక్తం చుక్క లేకుండా నెలల తరబడి, ఎనిమిది నెలలదాకా కూడా బతకగలదు. ఖాళీగా ఉన్న పెట్టె శుభ్రమైన పెట్టె కాదు. కానీ ఆ పెట్టె పదిరోజుల కిందటే పోయింది. ఇవి ఇప్పుడు వస్తున్నాయి.

16వ రోజు

కిటికీ బయట, సన్‌షేడ్ కింద మూలలో పావురాల గూడు. లోపల్నుంచి కనపడదు, తల బయటపెట్టి పైకి చూడాలి. నెల కిందటిదాకా అక్కడ గురగురలు వినపడేవి, పిల్లలు ఎగిరిపోయాక ఆగిపోయాయి. నిశ్శబ్దమైంది, హాయి అనుకున్నాను. గూడు ఖాళీ అయితే అందులో ఉన్నవాటికి భోజనం ఆగిపోతుంది. అవి ఆకలితో బయల్దేరతాయి. గోడకి అవతల పావురం, ఇవతల నా నీలి. మధ్యలో కిటికీ చట్రానికీ గోడకీ నడుమ వెంట్రుకవాసి బీట.

నిచ్చెన వేసుకుని, గుడ్లూ పిల్లలూ లేవని రెండుసార్లు చూసుకుని, మాస్కూ గ్లోవ్సూ వేసుకుని, గూడుని నీళ్లతో తడిపి మొత్తంగా చెత్త సంచిలోకి తోశాను. తడపకపోతే ఎండిన రెట్ట దుమ్ము నా ఊపిరితిత్తుల్లోకే వచ్చేది. పుల్లల అడుగున మళ్లీ అదే ఉప్పూ మిరియాల పొడి. సంచి మూతి కట్టేలోపే నా గ్లోవ్ మీద డజను పాకుతున్నాయి.

చోటంతా మరిగే నీళ్లతో కడిగాను. బీటలోకి డయాటమేసియస్ ఎర్త్ పొడి పంపాను. ఇది నీళ్లలో ఉండే సూక్ష్మ నాచు గుల్లల పొడి, విషం కాదు. నల్లి ఒంటి మీద తేమని కాపాడే మైనపు పొరని పీల్చేస్తుంది, అది ఎండిపోయి చస్తుంది. విషం కాదన్నారని పంజరంలో చల్లుకుంటే మాత్రం ఆ దుమ్ము పక్షి ముక్కులోకి వెళ్తుంది. అందుకే బీట లోపల మాత్రమే, చిన్న గొట్టంతో. ఆపైన సిలికోన్‌తో మూసేశాను. సిలికోన్ వాసన పోయేదాకా పక్షులు రెండు రోజులు వేరే గదిలోనే.

పంజరం చోటు మార్చాను. గోడ హుక్కు వద్దు, గది మధ్యలో పైకప్పు నుంచి ఒక్క గొలుసుకి. కడ్డీలేవీ గోడనీ కర్టెన్‌నీ తాకకూడదు. గొలుసు పైభాగంలో, పక్షులకి అందనంత ఎత్తున, వేలెడు వెడల్పున వాజిలిన్ పట్టీ. ఈ పని అయిదో రోజునే చేసి ఉంటే నడుముకి రెండు దాడులు తగ్గేవి.

18

రెండో విడత మందు. దొర ముక్కు మూలలో పొర సగం ఊడింది, కింద గులాబీ రంగు చర్మం. పిల్లలు రెండూ డాక్టరు గారి చేతిలో గట్టిగా అరిచాయి, ఆవిడ నోళ్లు తెరిచి లోపల రంగు చూసి "బాగుంది" అన్నారు. నాకు ఆ ఎరుపు ఫొటో తీసుకోవాలనిపించింది. తీసుకున్నాను కూడా, మసకగా వచ్చింది.

22

మూడో సారి అన్నీ విప్పి మరిగించాను. ఇప్పుడు నలభై నిమిషాల్లో అయిపోతోంది. మొదటిసారి పూటంతా పట్టింది. చెక్క పుల్లల చోట కొమ్మలు పెట్టాను, కొసల్లో గాడి కొయ్యకుండా తీగతో కట్టి. మరిగించి, ఎండబెట్టి, వాడిపోతే మార్చేయడమే. మెలికలున్న కొమ్మ పాదాలకీ మంచిది.

17 నుంచి ఇవాళ్టిదాకా: 4, 4, 2, 1, 1, 0.

24

పెద్ద పిల్ల బయటికొచ్చింది. రెండు రోజులుగా కన్నంలోంచి తల పెట్టి చూసేది, ఇవాళ దూకేసింది. ఎగరడమంటే గోడకి గుద్దుకోవడం అనుకుంటోంది ఇంకా. పుట్టిన 35వ రోజు.

అట్టలో 3. మూడూ ట్రే కింద, మూడూ 'బూ'. సున్నా చూశాక మూడు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వెతికితే ట్రే పట్టాల మధ్య అంగుళం పొడవున ఒక మడత, మూడుసార్లు కడిగినా స్టీమర్ మొన తిప్పని వైపు. పొడి పొడిగా ఓ గుంపు. స్టీమర్ రెండు నిమిషాలు అక్కడే పట్టుకున్నాను.

33

27 నుంచి వరసగా సున్నాలు. పాపకి విసుగొచ్చింది, సున్నాలు లెక్కపెట్టడం లెక్కే కాదంటుంది. రెండో పిల్ల కూడా బయటికొచ్చింది, ప్లాస్టిక్ డబ్బా తీసేశాను. నీలి మళ్లీ గుడ్లకి కూర్చోకుండా కొన్నాళ్లు పెట్టె ఏదీ ఇవ్వను. దానికీ విశ్రాంతి కావాలి.

రాత్రి రెక్కల చప్పుడు లేదు. ఒకసారి కావాలనే ఒంటిగంటకి లేచి వెళ్లి చూశాను. అయిదు పెద్దవీ రెండు పిల్లలూ ఒకే కొమ్మ మీద బారుగా, ఈకలు ఉబ్బించుకుని. నా టార్చ్‌కి దొర ఒక కన్ను తెరిచి మూసింది.

డాక్టరు గారు ఫోన్‌లో దొర ఫొటో చూసి మూడో విడత అక్కర్లేదన్నారు. ముక్కు కొద్దిగా గరుకుగా ఉంది, అది పెరిగి అరిగేకొద్దీ సర్దుకుంటుంది.

47

ఇరవైయొక్క సున్నాలు. మూడు అట్టలు తీసేశాం. 1వ నంబరు మాత్రం కిటికీ చట్రం మీదే ఉంటుంది, వారానికోసారి మార్పు. పంజరం బయటి సామాను ఏది లోపలికొచ్చినా ముందు మరిగే నీళ్ల గిన్నెలోకి. కొత్త పక్షి వస్తే నెల్లాళ్లు వేరే గదిలో. ఇవి నోట్‌బుక్ వెనక అట్ట మీద పాప పెద్ద అక్షరాలతో రాసింది, కింద నా సంతకం తీసుకుంది.

పొద్దున టీ తాగుతుంటే కిటికీ అవతల రెక్కల చప్పుడు. సన్‌షేడ్ కింద పావురం, నోట్లో ఎండు పుల్ల. నేను చూస్తుండగానే పుల్లని మూలలో పెట్టి, రెండో దానికోసం వెళ్లింది. టేపు తీసుకుని నిచ్చెనెక్కాను. మూల వెడల్పు రెండడుగులు, ఎత్తు అడుగున్నర. సాయంత్రానికల్లా మెష్ కట్టాలి.